పెద్దింటి బిడ్డ

"హమ్మయ్య, తేలిపోయింది! కథ కంచికి, మనం ఇంటికి," అంటూ ఆమె హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది.

పాత హిందీ సినిమా. ఆమె విని తెలుగులో చెబుతుంటే, పక్క కుర్చీలో అతను టైపు చేసి బొమ్మ కింద అతికిస్తున్నాడు. తక్కువ కులమని హీరోయిన్‌ని ఇంతసేపూ గుమ్మం తొక్కనివ్వని జమీందారు, పెంచిన తల్లి గొలుసు తీసి చూపగానే, తప్పిపోయిన మేనకోడలేనని కావలించుకుని, ప్రేమించినవాడితో పెళ్ళి జరిపించాడు.

"మా నాన్నకీ ఇదే చెబుదాం," అందామె నవ్వుతూ. "నువ్వు చిన్నప్పుడు రైల్లో తప్పిపోయిన మావాళ్ల పిల్లాడివని. మర్నాడే మన పెళ్ళి చేసేస్తాడు."

అతను నవ్వలేదు. నొచ్చుకున్నట్టూ లేదు.

"మరి మా అమ్మని ఏం చేద్దాం?"

"మధ్యలో మీ అమ్మెందుకు?"

"వీధులూడ్చి ఆ పిల్లని పెంచిందే, ఆవిడ పెళ్ళిలో ఉందా?"

"ఉండక ఎక్కడికి పోతుంది? వెనకెక్కడో ఉంటుంది."

"చూపించు."

ఆమె సినిమాని వెనక్కి జరిపింది. దండలు మార్చుకుంటున్నారు. జమీందారు కళ్ళొత్తుకుంటున్నాడు. వంటవాడి దగ్గర్నుంచి గుర్రం దాకా అందరూ ఉన్నారు. మళ్ళీ వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది.

"ఆవిడ ఆఖరి మాట ఏం టైపు చేశావు?" అని అడిగింది చివరికి.

అతను టైపు చేసినదాంట్లో పైకి వెళ్ళి వెతికి, చదివాడు.

"'మీ ఇంటి పిల్లేనండీ, బాబుగారూ.' ఆ తర్వాత ఆవిడకి మాటల్లేవు."