రీలరు చెయ్యి

"ఇంకోసారి పెట్టప్పా. బాగా అదిమి పెట్టు."

రామకృష్ణప్ప బొటనవేలు పంచెకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. చింతామణి రిజిస్ట్రేషన్ ఆఫీసులోని ఆ చిన్న యంత్రం మళ్ళీ ఎర్రగా వెలిగింది.

"ఏం పని చేస్తావు నువ్వు?" గుమాస్తా గిరీశ్ విసుగ్గా అడిగాడు.

"రీలింగు స్వామీ. మా నాయన కాలం నుంచీ అదే. ఉడుకునీళ్ళలో పట్టుగూళ్ళేసి దారం తీసే చెయ్యి ఇది. దీంట్లో గీతలు యాడుంటాయి?" రామకృష్ణప్ప అరచెయ్యి అందరికీ కనబడేలా ఎత్తాడు. "ఆ ఎర్రలైటు ఊరికే వెలగదు. అసలైన రీలరుకే వెలుగుతాది!"

వెనక నిలబడ్డ కూతురు నయన తల కొట్టుకుంది. పని ఆగిపోతుంటే ఈయనకు ఇదొక గొప్ప!

"గొప్ప సరేగానీ, వేలిగుర్తు పడకపోతే నీ ఇంటిసైటు పని ముందుకు పోదు," అన్నాడు గిరీశ్. "నెలాఖరుకి రాండి. అప్పుడూ కాలేదంటే మళ్ళీ మొదట్నుంచీ తిరగాల."

రామకృష్ణప్ప మొహం చిన్నబోయింది. తల్లి లేని పిల్లను సాకుతూ, జీవితమంతా ఆవిరిలో ఉడికి ఆయన సంపాదించుకున్నది ఆ ఒక్క సైటే. చెయ్యి ఆడుతున్నప్పుడే దాని పని ముగించాలని ఆయన పట్టుదల.

ఇంటికొచ్చాక నయన ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసింది. నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది.

"అప్పా, గీతలు యాడికీ పోలేదు. లోపలే ఉండాయి."

"లోపలా?"

"చర్మం పైపొరను ఎపిథీలియం అంటారు. ఒంటికి అదే కాపలా. కణాలు సందు లేకుండా అతుక్కోని, వరసమీద వరసగా ఉంటాయి. దాంట్లో రక్తనాళాలు ఉండవు, తిండి కింది నుంచే అందుతాది. అడుగు వరస కొత్త కణాలను పుట్టించి పైకి తోస్తానే ఉంటాది, పైన ముసలివి రాలిపోతాయి. అవి వచ్చేదానికంటే బిరీన నువ్వు ఉడుకునీళ్ళలో అరగదీస్తాండావు. అంతే."

"అయితే ఏం చేసేది?"

"నెల పాటు నీళ్ళలో చెయ్యి పెట్టద్దు. అడుగున అచ్చు అట్లే ఉండాది. పాత గీతలే పైకి వస్తాయి."

కూతురి మాటలకు రామకృష్ణప్ప మురిసిపోయాడు. మరుక్షణమే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నెలంతా దారం తీసే బేసిన్ ఆపేదా! గూళ్ళు తెచ్చి పెట్టినాము. వేరే రీలర్లను చూసుకుంటారు పట్టుదారం కొనేటోళ్ళు."

"బట్లహళ్ళి నుంచి ఒకామెను పిలిపిస్తా. నాతో చదివే అర్పిత వాళ్ళ పిన్నమ్మ. నువ్వు మాత్రం ఇంట్లో ఉండద్దు. గూళ్ళు కనిపిస్తే నీ చెయ్యి ఆగదు. కెంచార్లహళ్ళిలో అత్త దగ్గరుండు. నాకెట్లాగూ సెలవులే, పనికొచ్చే ఆయమ్మను నేను చూసుకుంటా."

"చూసుకునేది సరే. నువ్వు బేసిన్‌లో చెయ్యి పెట్టేవు, జాగర్త! సూది పట్టుకునే చెయ్యి అది."

"నాకేం పని అప్పా?" అంది నయన.

చిన్నప్పటి నుంచీ బేసిన్ పక్కన కూర్చునే చదువుకుంది ఆ పిల్ల. దారం ఎలా తీస్తాడో చూడనిచ్చాడే గానీ ముట్టనివ్వలేదు తండ్రి.

కెంచార్లహళ్ళిలో రామకృష్ణప్ప పొద్దునా సాయంత్రం చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ, వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ పాఠం చెప్పాడు. "నా చేతిలో ఎపిథీలియం పని చేస్తాండాది!"

"ఏందిరా అది, కొత్త రోగమా?" అక్క లక్ష్మీదేవమ్మ హడలిపోయింది.

"రోగం కాదక్కా, పొర! బయట చర్మమే కాదు, గొంతులో, పేగుల్లో అంతా అదే పరిచుండాదంట. పేగులో తిండి సారం పీల్చేదీ అదేనంట. అన్నీ నా నయన చెప్పింది!"

రోజూ ఫోను చేసేవాడు. వెనక దారం చుట్టే చరఖా గిరగిర వినబడేది.

"ఆయమ్మ ఎట్ల తీస్తాండాది?"

"మొదట్లో దారం తెగేది అప్పా. ఇప్పుడు చెయ్యి కుదిరింది."

"ఒకసారి మాట్లాడించు."

"చేతులు నీళ్ళలో ఉండాయి, తర్వాత చేస్తాలే."

నెలాఖరుకి ఇల్లు చేరిన రామకృష్ణప్ప ముందుగా పట్టుదారపు చిలప ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"అబ్బబ్బ! ఎంత సన్నం! యాడా ఎచ్చుతగ్గుల్లేవు. యాడ ఆయమ్మ?"

"నిన్ననే ఊరికి పోయింది."

"నెలలో కుదిరే చెయ్యి కాదిది. రక్తంలో ఉండాల!"

నయన మొహం వెలిగిపోయింది. చేతులు చున్నీలో చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. అన్నం స్పూనుతో తింటుంటే తండ్రి నవ్వాడు. "ఇదేం ఫ్యాషనే?"

"మా కాలేజీలో అందరూ ఇంతే."

మరునాడు ఆఫీసులో రామకృష్ణప్ప ఊపిరి బిగబట్టి వేలు పెట్టాడు. యంత్రం పచ్చగా వెలిగింది.

"చూడు స్వామీ, పాత గీతలే! నా కూతురు చెప్పిందంటే చెప్పిందే!" అంటూ ఆఫీసంతా దద్దరిల్లేలా నవ్వాడు.

"ఇచ్చేవారిది అయింది. తీసుకునేవారు రాండి," అన్నాడు గిరీశ్.

నయన చుట్టూ చూసింది. "ఎవురప్పా?"

"నువ్వేనే పిచ్చిదానా! సైటు నీ పేరన రాయించినా. ముందే చెబితే వద్దంటావని నోరు మూసుకున్నా."

నయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకెందుకప్పా..."

"నీకు గాక ఎవురికే! పెట్టు, వేలు పెట్టు."

ఆమె చున్నీలోంచి చెయ్యి తీయలేదు. "ఇంకో రోజు వస్తే కాదా అప్పా?"

"భయమెందుకే! పుస్తకం పట్టిన వేలు. నీకు పచ్చలైటే వెలుగుతాది," అన్నాడు రామకృష్ణప్ప, ఛాతీ విరుచుకుని.

నయన తండ్రి మొహంలోకి చూసింది. తల ఎత్తి, బొటనవేలు యంత్రం మీద అదిమింది.

ఎర్రలైటు వెలిగింది.