తడి గొంగడి

బీరన్న కుండీలోని మొక్కను మళ్లీ పైకి లాగి వేళ్లు చూశాడు.

"నాటుకున్నదా?" అంది భార్య భద్రమ్మ.

"యాడ? ఉన్న చెంబులు గూడ ఎండుతున్నయి."

అది పక్కింటి ఇంజనీరు సారు సెలవు మీద పోతూ అప్పగించిన మొక్క. ఆకుల కొసలకు మూత చెంబులు వేలాడదీసుకుని ఈగలను మింగుతుంది. కుండీ మార్చమంటే గొర్లకాపరి బుద్ధి ఊరుకుంటుందా? గొర్రె ఎరువు దండిగా వేసి వేళ్లు మాడ్చాడు. ఎరువంతా కడిగి మొన్ననే ఇసుకలో నాటాడు.

"మందగాసెటోనికి మొక్కలెందుకురా!" అని తన్ను తానే తిట్టుకుని, గొంగడి భుజాన వేసుకున్నాడు.

"యాడికి?"

"కల్వకుర్తికి. బిడ్డ అత్తగారింట్ల మంచిగున్నదో లేదో సూసొస్త."

"కాపురానికి పోయి నెల గాలే. నువ్వు పోయినప్పుడల్లా పిల్ల ఏడ్సుకుంట నీ ఎంబడే వస్తది. గిట్ల పీకి పీకి సూస్తే ఏది నాటుకుంటది?"

బీరన్న తన చేతివేళ్లకంటిన ఇసుకను చూసుకున్నాడు. మొక్కను మళ్లీ ఇసుకలో నాటాడు. గొంగడి నీళ్ల తొట్టిలో ముంచి, పిండి, మొక్క చుట్టూ పుల్లలు గుచ్చి తేమ నిలిచేలా పైన కప్పాడు.

"గొంగడి లేంది నువ్వు గడప దాటవు గద!" అంది భద్రమ్మ.

"అందుకే, దాన్ని ఆరనియ్యకే. ఆరిందంటే నేను బస్సెక్కుత."