డిపో అల్లుడుగారు

వెనక తలుపులోంచి ఎక్కిన కొత్త జంటకి ముందు వరసలో చోటు దొరికిందంటే అది డిపో అల్లుడుగారి దయే. పక్కన పరిచి ఉంచిన తువ్వాలు తీసి, "రండమ్మా, కూర్చోండి. ఇది మన సీటే" అన్నాడు, బస్సుని తాతగారు తన పేర రాసిచ్చినట్టు.

ఆ పేరు పెట్టింది కండక్టరు. జనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నా ఈయనగారు మాత్రం డ్రైవరు వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. టికెట్టు కొనడు. పాసు చూపించమంటే కళ్లతోనే కసురుతాడు. బస్సు ఆలస్యమైతే తనకి మర్యాద తక్కువైందంటాడు. అల్లుడు కాక ఇంకేమిటి?

అప్పుడే ఒక ముసలమ్మ బుట్టతో వచ్చి, "కాస్త జరుగు నాయనా" అంది. ముగ్గురు కూర్చున్నా ఇంకొకరు సర్దుకోవచ్చు. ఆయన మోకాళ్లు ఇంకాస్త ఎడం చేశాడు. "వెనక ఎవరో దిగుతున్నారు, వెళ్లు" అని అటు పంపేశాడు. వెనక ఎవరూ దిగడం లేదు.

ఆ జంటలో భార్యకి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. భర్తకి ఇంకా ఏదీ రాలేదు. గది కోసం తిరుగుతున్నారు. ఆసుపత్రి పక్క సందులో ఒకటి చూశారు. అగ్గిపెట్టెంత గది, ఆకాశమంత అద్దె. ఊరి చివర ఇంకొకటి ఉందంటే ఇప్పుడు చూడ్డానికి వెళుతున్నారు. చవకే కానీ రెండు బస్సులు మారాలి. ఆ మాటే గుసగుసగా అనుకుంటున్నారు.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు అల్లుడుగారు, ఎవరూ అడక్కుండానే. "సముద్రం పక్క ఊరు బాబూ ఇది. గాలి పీల్చినా బిల్లేస్తారు. ఊరి చివర గదే తీసుకో. బస్సులుండగా భయమేమిటి? నేనీ ఊరొచ్చాక ఆటోకి గానీ, కారుకి గానీ పైసా తగలెయ్యలేదు. అటు చూడు."

సముద్రం ఒడ్డున ఎర్రదీపం దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి.

"అప్పు చేసి కొన్న చల్లగాలి, అద్దాలు బిగించుకుని పీలుస్తున్నారు. వాళ్లూ ఆగారు, మనమూ ఆగాం. వాళ్లు పొడిచిందేమిటి?"

భర్త నోరు తెరుచుకుని విన్నాడు. ఉద్యోగం లేనివాడికి పొదుపు పాఠాలు ఇట్టే ఒంటబడతాయి.

"డ్యూటీ అయ్యేసరికి కాళ్లు పీకేస్తాయండీ" అంది నర్సు. "ఆపైన రెండు బస్సులంటే..."

"బస్సులో కూర్చునేగా వెళ్లేది! కూర్చోడం కూడా కష్టమేనా?"

"సీటు దొరికితే కదండీ."

"మా ఆవిడా ఇంతే. దేనికైనా ఒక వంక."

"ఆవిడ ఏం చేస్తుంటారు?"

"ఏం చేస్తుంది! తెల్లారిందంటే ఇంట్లోంచి బయటపడుతుంది. పొద్దుగూకేదాకా ఊరు తిరగడమే. అదీ కాలు కింద పెట్టకుండా, మహారాణిలాగ! ఇంటికొచ్చి నడుం పోతోంది, మెడ పోతోంది అని మూలుగుడు. కూర్చుని తిరిగేదానికి నొప్పులెక్కణ్ణించి వస్తాయమ్మా?"

బస్సు ఒక్క కుదుపు కుదిపింది. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. డ్రైవరు సీటుకి వెనక అడ్డంగా బిగించిన రేకుకి అల్లుడుగారి నుదురు ఠంగున తగిలింది.

"చూసుకుని తోలాలి!" అని రేకు మీద చరిచాడు. అవతల నుంచి జవాబుగా హారను అవసరానికి మించి మోగింది.

జనంలోంచి కండక్టరు తల పైకెత్తాడు. "దెబ్బ తగిలిందా అల్లుడుగారూ?" గొంతులో జాలి లేదు.

"ఇంతకీ మీరేం చేస్తుంటారండీ?" అని భర్త వినయంగా అడిగాడు.

"సంపాదించడం ఎవరైనా చేస్తారు బాబూ. నిలబెట్టడమే విద్య. ఆ విద్య నాది. డబ్బు ఆడవాళ్ల చేతిలో పెట్టావో, ఇక ఇంతే సంగతులు. మొన్న మా ఆవిడ వీపు వెనక పెట్టుకోడానికి మెత్త కొనుక్కుంటానంది. పాత దుప్పటి మడతపెట్టి వేసుకోమన్నాను. చచ్చినట్టు వేసుకుంది."

భర్త తలూపాడు. నిన్నటిదాకా "నీ ఇష్టం" అన్న మనిషి, భార్య వైపు తిరిగి, "ఆయన చెప్పింది సబబుగానే ఉంది. నువ్వు బస్సుల్లో వెళ్లొచ్చు. మిగిలింది నేను దాస్తాను" అన్నాడు.

నర్సు అతన్ని ఎగాదిగా చూసింది. ఏదో అనబోయింది. చుట్టూ జనం. "సరే, దాచు" అంది.

అతను వెంటనే ఫోను తీశాడు. ఊరి చివర గది ఓనరుతో, "మాకే ఖాయం చెయ్యండి, సాయంత్రం అడ్వాన్సు తెస్తాం" అని చెప్పాడు. నర్సు కిటికీ వైపు మొహం తిప్పుకుంది. సముద్రం వెనకబడింది. ఆసుపత్రి ఎప్పుడో దాటిపోయింది. బస్సు ఇంకా వెళుతూనే ఉంది.

"ఇవాళ ఒక కాపురం నిలబెట్టాను" అన్నాడు అల్లుడుగారు, కండక్టరుకి వినపడేలా.

"మహానుభావులు" అన్నాడు కండక్టరు, చిల్లర సంచీ సర్దుకుంటూ.

చివరి స్టాపులో అందరూ దిగారు. భర్త చేతులు జోడించి, "మీరు దొరకడం మా అదృష్టమండీ" అన్నాడు. అల్లుడుగారు అతని భుజం తట్టి, తువ్వాలు దులిపి వేసుకుని, తీరిగ్గా బస్సు ముందుకి నడిచి, డ్రైవరు కిటికీ మీద టకటకా కొట్టి, "ఏమే, ఇవాళ జీతం పడుతుందన్నావుగా, కార్డిలా పారెయ్!" అన్నాడు.