రాజు పెట్టిన చాయ్

ఆన్‌లైన్‌లో రోజుకో అధ్యాయం పెడుతున్న తన నవల కింద కామెంట్లు చదివి, రచన ఫోన్‌ను మంచం మీదికి విసిరింది.

“రెక్కల గుర్రాన్ని నమ్మిన్రు, మాట్లాడే పామును నమ్మిన్రు. రాజు పొద్దుగాల లేచి రాణికి చాయ్ పెట్టిండంటే మాత్రం పడి పడి నవ్వుతున్నరు! గసొంటి మొగుడు ఏ లోకంల దొరుకుతడక్కా అంట!”

కోపంలో ఆ అధ్యాయం మార్చేసింది. ఇప్పుడు రాజు మంచం దిగకుండానే “చాయ్ ఏదీ?” అని రాణి మీద అరుస్తాడు.

పది నిమిషాల్లో మెప్పులు మొదలయ్యాయి. “హమ్మయ్య, ఇప్పుడు అచ్చం మా ఆయనే!”

ఆమెకు ఇంకా మండింది.

మాదన్నపేటలో దుకాణం తెరవడానికి వెళ్లే ముందు, భర్త శ్రీపాద రోజూలాగే కొత్త అధ్యాయం చదివాడు. చదివి, తాను పెట్టిన చాయ్ ఆమె చేతికిచ్చాడు.

“నేనెప్పుడన్న గట్ల అన్ననా, రచనా?”