అరవై మూడో ప్రశ్న

"అరవై మూడు కూడా పాయె!"

జయంతి చేతిలోని కాగితాన్ని కౌంటరు మీద విసిరికొట్టింది.

ఆఫీసు అసిస్టెంటు పరీక్షకు ఆ పొద్దే బోర్డు జవాబుల కీ విడుదల చేసింది. ఉరవకొండ నుంచి మొదటి బస్సుకే అనంతపురం వచ్చి నెట్ సెంటర్లో పడింది. సెంటరు నడిపే రామాంజనేయులు ఆమె జవాబుల షీటు ప్రింటు తీసిచ్చాడు. లెక్కేసుకుంటే పోయినేటి కటాఫ్‌కు సరిగ్గా ఒక్క మార్కు తక్కువ.

ఆమెకిదే ఆఖరి ప్రయత్నం. ఇంటి శెనక్కాయ చేను మూడేళ్ళుగా విత్తనం కూడా తిరిగివ్వలేదు. ఈసారి ఉద్యోగం రాకపోతే బెంగళూరు గార్మెంట్సుకు పోతానని ఇంట్లో తనే మాటిచ్చింది.

"అరవై మూడు పోలేదు పాపా. నువ్వు పెట్టిందే రైటు."

జయంతి వెనక్కి తిరిగింది. ఎవరో నడివయసు మనిషి. తలకు రుమాలు, భుజాన కంబళి, ఒంటి నిండా గొర్రెల వాసన. అడక్కుండానే ఆమె కాగితం చదివేస్తున్నాడు.

"ఎవరప్పా నువ్వు? నా కాగితం నీకెందుకు?"

"గురప్ప అంటారు. నేనెవరైతే ఏమి, ముందు వాక్యం చదువు."

సరైన ఇంగ్లీషు వాక్యమేదో గుర్తించమని ప్రశ్న. "హ్యావింగ్ డగ్ ఫర్ ఎ మంత్, వాటర్ వాజ్ ఫౌండ్" అన్న రెండోదే రైటని కీ చెబుతోంది. జయంతి పెట్టింది మూడోది. "హ్యావింగ్ డగ్ ఫర్ ఎ మంత్, ద ఫార్మర్స్ ఫౌండ్ వాటర్."

"నెల దినాలు తవ్విందెవరు?" అడిగాడు గురప్ప.

"రైతులు."

"కీ ప్రకారమైతే నీళ్ళే తవ్వినాయి. గడ్డపార పట్టుకోని తవ్వుకోని పైకొచ్చే నీళ్ళు మా పక్క ఉంటే, నేనెందుకు గొర్రెలు తోలుకోని ఊరూరు తిరుగుతా?"

రామాంజనేయులు పకపకా నవ్వాడు. జయంతికి నవ్వు రాలేదు. కడుపు మండుతున్నవాళ్ళకు ఎట్లా వస్తుంది?

"కామాకు ముందు పని ఎవరు చేసినారో, కామా దాటినాక వాళ్ళే ముందు రావాల. కష్టం చేసినోళ్ళను తోసేసి ఇంకేదో తెచ్చి నిలబెడితే నేనొప్పుకోను. బోర్డు చెప్పినా ఒప్పుకోను."

"ఒప్పుకోకుంటే ఏం చేస్తావు?"

"అబ్జెక్షన్ పెడదాం. మూడు దినాలు టైముండాది. గ్రామర్ పుస్తకంలో పేజీ కూడా తెచ్చినా. నీ నంబరు, పాస్‌వర్డు చెప్పు పాపా."

పాస్‌వర్డు అనగానే జయంతి కాగితం లాక్కుని సంచిలో పెట్టుకుంది. ఇట్లా అడిగి ముంచినవాళ్ళ సంగతులు ఆమె బోలెడు విన్నది.

"గొర్లు కాసుకునేటోనివి, బోర్డు కంటే నీకెక్కువ తెలుసునా? పో పో!"

గురప్ప మొహం చిన్నబోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"రైటు పెట్టినోళ్ళే అడిగితే అందంగా ఉంటాదని వచ్చినా. వద్దంటే పాయె. తప్పును మాత్రం నేనిడ్సను. ఇంకో పాప ఉండాది, ఆ పాపతోనే అడిగిస్తా."

కంబళి సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరన్నా ఆ మనిషి?" రామాంజనేయులును అడిగింది.

"అబ్జెక్షన్ గురప్ప. బీయే చదివినాడు. ఇదే పరీక్ష ఆరుసార్లు రాసినాడు. వయసు దాటిపాయె. అయినా ప్రతి పేపరూ తెప్పించుకుంటాడు. కీలో తప్పు పడితే బోర్డుతో కొట్లాటకు దిగుతాడు."

"బోర్డు వింటాదా?"

"ఇంతవరకూ ఒక్కసారీ వినలే."

పిచ్చోడే, అనుకుంది జయంతి.

నలభై రోజులకు ఫైనల్ కీ వచ్చింది. అరవై మూడో ప్రశ్నకు జవాబు మూడు అని ఉంది.

జిల్లాకు పదకొండు పోస్టులు. ఎంపిక జాబితాలో పదకొండో పేరు జయంతిది.

బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అనంతపురంలో దిగి, పాలకోవా పొట్లం కట్టించుకుని నెట్ సెంటర్‌కు పరుగెత్తింది.

"గురప్పన్న యాడ?"

"మడకశిర దిక్కు మంద తోలుకోని పోయినాడు. మళ్ళా వానలు పడేదాకా రాడు."

"పో పో అంటి కదన్నా ఆ మనిషిని! కాళ్ళు పట్టుకోవాల."

"ముందు ఆ అబ్జెక్షన్ పెట్టిన పాప కాళ్ళు పట్టుకో," అన్నాడు రామాంజనేయులు.

సొరుగులోంచి ఆ అబ్జెక్షన్ ప్రింటు కాగితం తీశాడు.

"ఆ పాప పరీక్షలో పెట్టిన జవాబు రెండు. మొదటి కీలో ఉండిందీ రెండే. మార్కు వచ్చి ఒళ్ళో కూర్చోనుండాది. అది తప్పు, కొట్టెయ్యండి, మూడే రైటు అని ఈడనే కూర్చోని పంపించింది. మొదటి కీనే నిలబడుంటే ఆ పదకొండోది ఆ పాపకే. ఒక్క మార్కుతో పాయె."

జయంతి పాలకోవా పొట్లం కౌంటరు మీద పెట్టేసింది.

"నువ్వైనా వద్దని చెప్పలేదా అన్నా?"

"చెప్పినా. తప్పని తెలిసినాక ఆ మార్కుతో వచ్చిన కుర్చీలో నేను కూర్చోను అని నా మీదికే లేసింది. గురప్ప పక్కనే నిలబడి పేజీ స్కాన్ చేయించినాడు. వద్దని ఒక్క మాట అనలే."

జయంతికి తిక్కరేగింది. సంతోషమంతా చేదైపోయింది.

"ఎట్లా అంటాడు? తన పంతం నెగ్గితే చాలు! పరాయి పిల్ల కాబట్టి బలిపెట్టినాడు. సొంత బిడ్డయితే అబ్జెక్షన్ పెట్టిచ్చేవాడా?"

రామాంజనేయులు కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు; అందులో అభ్యర్థి పేరు ప్రసూన అని, తండ్రి పేరు గురప్ప అని ఉంది.