మొరాయించిన మైకు

“రేపు మీ రిటైర్మెంట్ ఫంక్షన్‌లో మీరు స్పీచ్ డెలివర్ చెయ్యాలి,” అన్నాడు మేనేజరు.

సంతకంగారి గుండె జారిపోయింది.

ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ పార్సిళ్లు పంచుతున్నాడాయన. నత్తి భయంతో, ఏ గుమ్మం ముందైనా “సంతకం” అన్న ఒక్క మాటతో పని కానిచ్చేవాడు. చివరికి ఆ పేరే స్థిరపడిపోయింది.

“పార్సిలు డెలివరీ, కాన్పు డెలివరీ, ఇప్పుడు ఉపన్యాసమూ డెలివరీయేనా!” అని నవ్వింది భార్య. “కాన్పు రెండుసార్లు నేను గట్టెక్కాను. ఇదొక్కటి మీరు గట్టెక్కలేరా?”

నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. చివరిది ఆమె గురించే. అది నలుగురిలో చెప్పాలని ఎన్నేళ్లుగానో కోరిక. ఆ నలుగురూ నవ్వితే మాత్రం ఆమె ముందు తలెత్తుకోలేడు.

మర్నాడు హాలుకి గంట ముందే వెళ్లాడు. స్టేజి మీద మైకతను వైర్లు సర్దుతున్నాడు.

“మైకు ప... పనిచేస్తుందా?”

అతను తలూపాడు.

“ఎం... ఎంత దూరంలో నిలబడాలి?”

అతను జానెడు కొలిచి చూపించాడు.

మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు అని విసుక్కున్నాడు సంతకంగారు. ఓ మూల నిలబడి వాక్యాలు వల్లించుకున్నాడు. ‘ప’ దగ్గరా ‘మ’ దగ్గరా బండి ఆగిపోతోంది. మైకతను పని ఆపి మరీ ఇటే చూస్తున్నాడు. వీడికి వినోదంగా ఉన్నట్టుంది!

హాలు నిండింది. ఆయన వంతు వచ్చింది.

“అందరికీ నమస్కారం. ఈ ప... ప...”

మైకు కుయ్యోమంది. అందరూ చెవులు మూసుకున్నారు. అది ఆగేసరికి ఆయనకి ఊపిరి అందింది.

“ఈ పని నాకు అన్నం పెట్టింది.”

రెండో వాక్యంలో ‘మ’ అడ్డం పడింది. మైకు మళ్లీ కుయ్యోమంది.

“ఏమయ్యా, ఎక్కడి డొక్కు మైకు తెచ్చావు?” ముందు వరసలోంచి మేనేజరు కేకేశాడు.

మూడో వాక్యంలోనూ అదే వరస. ఈసారి సంతకంగారికే ఒళ్లు మండింది.

“ఏం మనిషివయ్యా! నేనింత కష్టపడి మాట్లాడుతుంటే మధ్యలో నీ గోలేమిటి?”

తిట్టు మాత్రం గడగడా వచ్చేసింది! మైకతన్ని చూసి హాలంతా నవ్వింది. అతను తల వంచుకున్నాడు.

ఆ ఊపులోనే చివరి వాక్యమూ దొర్లుకొచ్చింది.

“నా నోట్లోంచి మాట వచ్చేదాకా ఇన్నేళ్లూ ఓపిగ్గా ఎదురుచూసిన మనిషి మా ఆవిడొక్కతే.”

చప్పట్లు మోగాయి. భార్య కళ్లు తుడుచుకుంది. సంతకంగారికి కొండంత బరువు దిగినట్టయింది.

“ఎంత బాగా మాట్లాడారండీ! మైకే చెడగొట్టింది,” అన్నారు వెళ్లేవాళ్లంతా. నత్తి మాట ఒక్కరూ ఎత్తలేదు. మేనేజరైతే, ఇక మీదట ఈ మైకతన్ని పిలవనే వద్దని అందరి ముందూ చెప్పి మరీ వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అయింది. పెట్టెలు సర్దుకుంటున్న మైకతన్ని చూస్తే సంతకంగారికి జాలేసింది. దగ్గరికి వెళ్లాడు.

“ఏదో కోపంలో అన్నాను, ఏమనుకోకు బాబూ. ఆ మై... మైకు మాత్రం రిపేరు చేయించుకో.”

అతను నవ్వాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి నోరు విప్పాడు.

“మై... మై... మైకు బా... బాగానే ఉంది సార్. మీ... మీరు ఆగినప్పుడల్లా నే... నేనే అరిపించాను.”