మబ్బు పడితే వచ్చే మనిషి

బండి ముందు చక్రం దగ్గర ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు.

బియ్యం చెరుగుతున్న భూదవ్వ చాట పక్కన పెట్టి చూసింది. ఎవరో ముసలాయన, భుజాన తువ్వాల. చక్రం నడుమ చెయ్యి పెట్టి ఏదో కుడికి తిప్పాడు. లేచి, రెండో వైపు చక్రం దగ్గరా అదే పని చేశాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చిన దారినే దిగిపోయాడు.

పది నిమిషాలకు వాన పడింది.

ఎల్లారెడ్డి దాటాక గుట్ట వాలులో ఉంటుంది భూదవ్వ కొడుకు శేఖర్ ఇల్లు. రోడ్డు నుంచి ఇంటికి వంద గజాల మట్టి బాట, అంతా ఎక్కుడు. వాన పడితే సబ్బు పూసిన రాతిబండే. ఆటోవాళ్లు కిందే దింపి, పైకి ఓసారి చూసి, దండం పెట్టి పోతారు.

భార్య సుష్మితకు నెలలు నిండుతున్నాయని రెండు నెలల కిందట శేఖర్ దళారి దగ్గర ఈ జీపు బండి కొన్నాడు. పాతదే, కానీ నాలుగు చక్రాలూ లాగే రకం. వెనక తలుపు మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉంది. శేఖర్ ముఖ్యంగా ఆ అక్షరాలను కొన్నాడు.

ఆ రోజు వానలో బండి జారకుండా ఎక్కేసింది. శేఖర్ వారం పాటు తన డ్రైవింగ్ గురించే మాట్లాడాడు.

ఎండ కాసిన పూట ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఎడమకు తిప్పాడు.

భూదవ్వ కోడలిని లోపలికి పిలిచి చెప్పింది. మబ్బు పడితే కట్టడం, ఎండ కాస్తే విప్పడం. అదీ కడుపుతో ఉన్న కోడలి వాకిట్లో. బాణామతి కాక మరేమిటి?

డిగ్రీ చదివిన సుష్మిత అత్త మాటకు నవ్వింది. కానీ తను మాత్రం ఆ బండి వెనక సీట్లో కూర్చునేది కాదు. సీటు సందులో ఎవరివో పగిలిన ఆకుపచ్చ గాజుల ముక్కలు దొరికాయి. ఏరి పారేస్తే, మర్నాడు ఇంకొకటి దొరికేది.

మూడోసారి మబ్బు పట్టినప్పుడు శేఖర్ కాపు కాశాడు. రెండో చక్రం కూడా తిప్పి లేవబోతుంటే అంగీ పట్టుకున్నాడు.

ముసలాయన బెదరలేదు.

“ఈ గుండీలు తిప్పకుంటె ముందు పయ్యలు లాగయి కొడుకా. లోపల గేరు ఒక్కటేస్తె సాలదు.”

“పదేండ్ల సంది బండి నడుపుతున్న. నాకు నేర్పుతవా?”

“నేను గూడ గట్లనే అన్న.”

ఇంకేదో చెప్పబోయాడు. అంతలో గడపలో సుష్మిత కనిపించింది, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని. ముసలాయన ఆమె పొట్ట వైపు చూసి నోరు మూసుకున్నాడు.

ఆ చూపు శేఖర్‌కు నచ్చలేదు. చెంప మీద ఒకటి వేశాడు. పెనుగులాటలో అంగీ చిరిగింది. ముసలాయన తువ్వాలతో మొహం తుడుచుకుని బాట దిగాడు. కింద ఆగి, చాలాసేపు బండి వైపు చూశాడు.

భూదవ్వ ఏ పనినీ సగంలో వదిలే మనిషి కాదు. బండి మీద పసుపు నీళ్లు చల్లి, ఆయన కుడికి తిప్పిన గుండీలు రెండింటినీ ఎడమకు తిప్పేసింది. కట్టు విప్పానని తృప్తిగా చేతులు కడుక్కుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, ముసురులో, సుష్మితకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుందని, దవాఖానకు తీసుకుపోవాల్సిందేనని పక్కింటి హన్మవ్వ చెప్పింది. నడిచి బాట దిగే స్థితిలో లేదు సుష్మిత.

ఎల్లారెడ్డి నుంచి శేఖర్ బండితో పరుగున వచ్చాడు. సగం బాట ఎక్కి బండి ఆగింది. గేరు మార్చాడు, రేసు ఇచ్చాడు. వెనక్కి జారింది. మళ్లీ ఎక్కించాడు. ఈసారి పక్కనున్న గండి వైపు జారింది.

ఇంట్లో నుంచి మూలుగు వినిపిస్తోంది.

వానలో నిలబడి భూదవ్వ బండినే చూస్తోంది. వెనక చక్రాలు బురద చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. ముందు చక్రాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

అరవై ఏళ్ల మనిషి బాట మీద కూర్చుని కిందికి జారింది. బండి దగ్గర ఆగి, ఒక గుండీ కుడికి తిప్పింది. పాకుతూ అటు పోయి రెండోదీ తిప్పింది.

“ఇగ పోనియ్యి” అంది. “ఆయన కట్టిండు, నేనే ఇప్పిన కొడుకా.”

బండి ఒకసారి వణికింది. ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. మెల్లగా, పైదాకా పాకింది.

సాయంత్రం కామారెడ్డిలో ఆడపిల్ల పుట్టింది. అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు శేఖర్ కొత్త అంగీ, మిఠాయి పొట్లం పట్టుకుని ముసలాయనను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపే తిరుపతి గుర్తుపట్టాడు. రెండు నెలలు తన బెంచీ మీదే పడుకున్నాడట. పొద్దంతా మబ్బుల వైపు చూస్తూ కూర్చునేవాడట. చిరిగిన అంగీతో వచ్చిన రోజు మాత్రం రెండు ముక్కలు మాట్లాడి, ఏదో బస్సెక్కాడట. ఏ బస్సో తిరుపతి చూడలేదు.

“మా బండితోని ఆయనకేం పని తిరుపతన్నా?”

తిరుపతి గ్లాసులు కడగడం ఆపాడు.

“అది ఆయన బండే శేఖరన్నా. పోయినేడు వానల బిడ్డను కాన్పుకు తీస్కపోతుంటె గిట్లనే ఎక్కుడు మీద ఆగిందట. ఆ గుండీల సంగతి మెకానిక్ చెప్పెనాటికి, బిడ్డ దినాలు గూడ అయిపోయినయట.”